టీవీలో డాక్టరుకి మా అమ్మ చేసిన పరీక్ష

మా అమ్మ ముప్పై ఏళ్ళకు పైగా నర్సమ్మగా పనిచేసింది. ఆసుపత్రిలో కుర్చీ వేసుకుని కూర్చునే నర్సు కాదు, ఊళ్ళమ్మట తిరిగే నర్సమ్మ. తెల్లచీర, భుజాన సంచి, చేతిలో గొడుగు. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల దాకా ఉన్న పల్లెలన్నీ ఆవిడవే. సిమెంటు లారీలు లేపే దుమ్ములో నడిచి వెళ్ళి, కాన్పు చేసి, జుట్టంతా పౌడరు చల్లినట్టు తెల్లగా చేసుకుని ఇంటికొచ్చేది. మొత్తం ఎన్ని కాన్పులు చేసుంటావమ్మా అని అడిగితే, "లెక్క పెట్టుకుంటూ కూర్చుంటే చేసేదెవరే?" అనేది.

ఆవిడతో బజారుకి వెళ్ళడమంటే చిన్నప్పుడు నాకు ఏడుపొచ్చేది. పది అడుగులకొకరు ఆపేవారు. "నర్సమ్మగారూ, వీడు మీ చేతుల్లో పుట్టినవాడేనండీ" అంటూ మీసాలొచ్చినవాణ్ణి ముందుకు తోసేవారు. అమ్మ వాడి మొహం ఒక్క క్షణం చూసి, "నువ్వు కాళ్ళతో వచ్చావు కదరా. మీ అమ్మని రెండు రోజులు ఏడిపించావు" అనేది. ఆ మాట నిజమయ్యేది. వాడు సిగ్గుపడి తల దించుకునేవాడు.

అంత జ్ఞాపకమున్న మనిషికి జ్ఞాపకం పోవడం మొదలైంది.

నేను జగ్గయ్యపేటలో హైస్కూలు లెక్కల టీచర్ని. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవారు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చేసింది. రెండు వేల ఐదు ప్రాంతం అనుకుంటాను, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేది. అన్నం తిన్న పావుగంటకి అన్నం పెట్టమనేది. పెద్దతనం కదా అనుకున్నాం. చర్చిలో ఒకే పాట రెండుసార్లు ఎత్తుకుంటే, భక్తి ఎక్కువైందనుకున్నాం.

ఒకరోజు తెల్లారి లేచి చూస్తే మనిషి లేదు. బీరువాలో తెల్లచీర లేదు. మేకుకి వేలాడే సంచీ లేదు. మా ఆయన ఫ్యాక్టరీకి సెలవు చెప్పి మోటారు సైకిలు తీశారు, నేను వెనక కూర్చున్నాను. ఆటో స్టాండులో అడిగితే, "నర్సమ్మగారు కాన్పుందని తొందరపడుతుంటే పొద్దున్నే ఎక్కించుకెళ్ళి దింపానండీ" అన్నాడొకాయన. ఆయన చెప్పిన ఊరికి వెళ్ళాం. ఎక్కడ పడిపోయిందో, ఎవరింటి తలుపు కొట్టి తిట్లు తింటోందో అనుకుంటున్నాను.

ఊరి చివర ఒక ఇంటి దొడ్లో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో అమ్మ, చీర పైకి దోపుకుని, మోచేతుల దాకా తడిసిపోయి నిలబడి ఉంది. అక్కడ నిజంగానే కాన్పు జరుగుతోంది. గేదెకి.

"సమయానికి దేవుడు పంపినట్టొచ్చారండీ. దూడ అడ్డం తిరిగింది. పశువుల డాక్టరు కోసం మనిషిని పంపి గంటయింది, ఇంకా రాలా" అన్నాడు ఆ ఇంటాయన. అమ్మ నన్ను చూసి, "ఏమ్మా, నువ్వు ఈ పేషెంటుకి ఏమవుతావు?" అంది.

దూడ బతికింది. వచ్చేటప్పుడు ఆ ఇంటావిడ జున్నుపాలు ఇచ్చింది. బండి మీద అమ్మని మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని వస్తుంటే మా ఆయన వీపు అదురుతోంది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. చిల్లకల్లు దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు.

కానీ ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఈసారి గేదె దొరికింది, ఇంకోసారి హైవే మీదికి వెళ్తే ఏం చేస్తాం? హైదరాబాదులో ఇలాంటివి చూసే డాక్టరమ్మ ఉందని మా స్కూల్లో ఒక టీచరుగారు చెబితే బయల్దేరాం.

ఆ ప్రయాణం ఎలా జరిగిందంటే, గరికపాడు దగ్గర ధాబాలో బస్సు ఆపారు. నేను టీ తీసుకొచ్చేలోపు సీట్లో అమ్మ లేదు. మా ఆయన ఒకవైపు, నేను ఒకవైపు పరుగెత్తాం. ధాబా వెనక నులకమంచాల దగ్గర ఆవిడ కూర్చుని ఉంది. ఎదురుగా ముగ్గురు లారీ డ్రైవర్లు చేతులు చాపుకుని వరసలో ఉన్నారు. అమ్మ ఒకాయన మణికట్టు పట్టుకుని, లేని వాచీకేసి చూస్తోంది. "నువ్వు నిద్రపోవాలి నాయనా, ఇట్టా అయితే బండి నడపలేవు" అంటోంది. ఆయన చిన్నపిల్లాడిలా తలూపుతున్నాడు. బస్సు హారను కొడుతుంటే ఆవిణ్ణి లాక్కొచ్చాను. "ఓపీ మధ్యలో వదిలేసి వస్తారా ఎవరైనా?" అని సూర్యాపేట దాకా నన్ను తిట్టింది.

హైదరాబాదు డాక్టరమ్మకి ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. గుంటూరు వైపు మాట. పరీక్షలన్నీ చేసి, జబ్బు పేరు డిమెన్షియా అని చెప్పింది. తగ్గేది కాదు, కానీ ఎలా చూసుకోవాలో నేర్చుకుంటే ఆవిడా మీరూ హాయిగా ఉండొచ్చు అంది. "హాయిగా" అన్న మాట నాకు అప్పుడు ఎబ్బెట్టుగా వినిపించింది.

ఆ ప్రయాణంతో అమ్మ నాలుగు రోజులు ఏ గదిలో ఉందో తెలియకుండా తిరిగింది. ఆ సంగతి ఫోనులో చెబితే డాక్టరమ్మ అంది:

"ఇంక ఇంత దూరం తీసుకురావద్దండీ. నందిగామలో ఒక నర్సింగ్ హోమ్ మేడ మీద టీవీ, కెమెరా పెట్టారు. నెలకో శనివారం నేనిక్కడ కూర్చుని అక్కడున్న పేషెంట్లని చూస్తాను. అక్కడికి తీసుకురండి చాలు."

మా ఆయన విని, "టీవీలో డాక్టరా? నాడి ఎట్టా చూస్తారంట?" అన్నారు. నాకూ అదే అనుమానం. అయినా గంటలోపు బస్సు ప్రయాణం కదా అని వెళ్ళాం.

ఆ నర్సింగ్ హోములో కింద కాన్పుల వార్డు. మేం మెట్లెక్కుతుండగా పసిబిడ్డ ఏడుపు వినబడింది. అమ్మ మొహం వెలిగిపోయింది. "ఆడపిల్ల" అంది. కింద నర్సుని అడిగితే ఆడపిల్లే. పైన చిన్న గది. గోడకి పెద్ద టీవీ, దాని నెత్తిన చిన్న కెమెరా. వాటిని చూసుకునే ఆపరేటరుగారు యాభై దాటిన మనిషి. అంతకుముందు ఊళ్ళో టీవీలు బాగుచేసే కొట్టు నడిపారట. మంచి బొజ్జ. "టీవీని చూడకండమ్మా, కెమెరాని చూసి మాట్లాడండి. అప్పుడే మేడమ్ గారికి మీరు తననే చూస్తున్నట్టుంటుంది" అని మాకు పాఠం చెప్పారు.

డాక్టరమ్మ టీవీలో కనిపించింది. పెదవులు ముందు కదిలి, మాట ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చేది. అమ్మ ఆ ఆలస్యాన్ని గమనించింది. "మాట తడబడుతోంది" అంది నాతో రహస్యంగా.

"అమ్మగారూ, నేను మూడు మాటలు చెప్తాను. గుర్తు పెట్టుకోండి. అరటిపండు, తాళం, కిటికీ" అంది డాక్టరమ్మ.

"సరే" అంది అమ్మ.

ఐదు నిమిషాలు అవీ ఇవీ మాట్లాడి, "ఇందాక నేను చెప్పిన మూడు మాటలేంటండీ?" అని అడిగింది.

అమ్మ ఆవిడకేసి జాలిగా చూసింది. "నువ్వు చెప్పింది నీకే గుర్తు లేకపోతే ఎట్టాగమ్మా? రక్తం తక్కువైతే ఇట్టాగే మతిమరుపొస్తుంది. ఏదీ, నాలిక చాపు."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగింది. లైను ఆలస్యమో, ఆవిడ ఆలోచనో తెలియదు. తర్వాత బుద్ధిగా నాలిక చాపింది. గోడంత టీవీలో నాలిక. అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "కంటిరెప్ప కిందికి లాగు. ఊ. దగ్గరికి రా. ఇంకా రా." డాక్టరమ్మ కన్ను టీవీ నిండా వచ్చింది. మా ఆయన నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు.

"నెల తప్పి ఎన్నాళ్ళయింది?" అంది అమ్మ.

ఆపరేటరుగారు చటుక్కున వైర్లు సర్దడానికి వంగారు.

"నాకా? నాకేం లేదండీ అమ్మగారూ" అని నవ్వింది డాక్టరమ్మ.

"నాకు చెప్పకు. మూడో నెల. ఐరన్ మాత్రలు మొదలుపెట్టు. టీ తగ్గించు." ఇంతలో బొమ్మ గడ్డకట్టుకుపోయింది, డాక్టరమ్మ నోరు తెరిచి ఉండగానే. ఆపరేటరుగారు హడావిడిగా ఫోను కలిపి నా చేతికిచ్చారు. ఫోనులో ఆవిడ మందుల సంగతి చెబుతోంది, టీవీలో నోరు తెరుచుకునే ఉంది. అమ్మ టీవీకేసి చూస్తూ, "చాలమ్మా, మూసుకో. చూసేశాగా" అంది.

వెళ్ళొస్తాం అని లేచాక, అమ్మ ఆపరేటరుగారి బొజ్జ మీద అరచెయ్యి ఆనించి, "నీకు ఎనిమిదో నెల. మెట్లెక్కడం మానెయ్" అంది. ఆయన "అలాగేనమ్మా" అన్నారు.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ రోజుల్లో మా అమ్మ లెక్కలో అందరూ గర్భిణులే. మేం వెళ్ళిన బస్సు కండక్టరుకి ఏడో నెల. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మా హెడ్మిస్ట్రెస్ గారికి కవలలు. కాబట్టి డాక్టరమ్మకి చెప్పిన మాటని నేను పట్టించుకోలేదు. క్షమించమని ఫోనులో అడిగాను, అంతే.

ఆ నెలంతా అమ్మతో యుద్ధమే. మాత్ర నోట్లో వేస్తే చెంపలో దాచి పూలకుండీలో ఉమ్మేసేది. తెల్లారేసరికి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడేది. తాళం వేస్తే తలుపు బాదేది. "అవతల పిల్ల చచ్చిపోతోందే, నన్ను పోనీవే" అని ఏడిచేది. ఎప్పుడో నిజంగా ఆలస్యమైపోయిన కాన్పు ఏదో ఆవిడ లోపల ఇంకా జరుగుతోందనుకుంటాను. ఆ ఏడుపు వింటే నాకు నవ్వు లేదు, ఏమీ లేదు. తలుపుకి ఇటువైపు కూర్చుని నేనూ ఏడిచేదాన్ని.

తర్వాతి శనివారం నందిగామలో ఇదంతా డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ విని, "మీ అమ్మగారు డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరి మాట వినేవారు?" అని అడిగింది.

"జిల్లా నుంచి పెద్ద డాక్టరుగారు వస్తే వినేది. ఇంకెవరి మాటా వినేది కాదు."

"సరే, అయితే నన్ను చూడమనండి."

డాక్టరమ్మ తెల్లకోటు గుండీలు పెట్టుకుంది. కుర్చీలో నిటారుగా కూర్చుంది. గొంతు మార్చింది. "సిస్టర్! ఈ నెల మీ ఏరియాలో పని బాగుంది. అందరూ మెచ్చుకుంటున్నారు."

అమ్మ లేచి నిలబడిపోయింది. "థాంక్యూ మేడమ్."

"ఈ రోజు నుంచి మీ డ్యూటీ మీ ఇంట్లోనే. కేసులు మీ దగ్గరికే వస్తాయి. మీరు వెళ్ళొద్దు. కష్టమైన కేసుల్ని జీపులో పెద్దాసుపత్రికి పంపిస్తాం. పొద్దున తొమ్మిదింటికి రిజిస్టరులో సంతకం పెట్టాలి. స్టాఫ్ అందరూ ఆరోగ్యంగా ఉండాలి కాబట్టి, మీ మాత్ర మీరు వేసుకుని టిక్కు పెట్టాలి. వచ్చే నెల రిజిస్టరు చూస్తాను."

"ఎస్ మేడమ్. జీపు మాత్రం టైముకి పంపండి మేడమ్. పోయినసారి రాలేదు."

ఆ చివరి మాటకి డాక్టరమ్మ గొంతు కొంచెం మామూలైంది. "ఈసారి తప్పకుండా వస్తుంది సిస్టర్" అంది మెల్లగా.

అమ్మని బయట మా ఆయనకి అప్పగించి నేను మళ్ళీ లోపలికొచ్చాను. "మేడమ్, అబద్ధమాడుతున్నాం కదా. మా అమ్మతో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదండీ" అన్నాను. చర్చిలో పిల్లలకి ఆదివారం పాఠాలు చెప్పేదాన్ని నేను.

"మీరు తలుపు తాళం వేసి, అక్కడ కాన్పు లేదు, నీకు ఉద్యోగం లేదు అని నిజం చెప్తున్నారు. ఆవిడ నమ్మట్లేదు, ఏడుస్తున్నారు. ఆవిడున్న చోటికి మనం వెళ్దామండీ. మనకి దారి తెలుసు, ఆవిడకి ఇటు దారి తెలీదు" అంది. తర్వాత మొహం అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి, "ఇంకో మాట. అమ్మగారు పోయిన నెల నాకేదో చెప్పారు కదా" అంది.

"అయ్యో, అది మర్చిపోండి మేడమ్..."

"మర్చిపోయేది కాదండీ. నిజమే. మూడో నెల కాదు, అప్పటికి రెండో నెల. పెళ్ళయి ఆరేళ్ళు. మేమిద్దరం ఇంక అనుకోవడం కూడా మానేశాం. ఆవిడ అన్నారని కాదు కానీ, ఆ వారం టీ వాసన పడకపోతే పరీక్ష చేయించుకున్నాను."

గదిలో ముందు కేక వేసింది ఆపరేటరుగారు. ఆ కేకకి ఏదో అయిందని మా ఆయన పరుగెత్తుకొచ్చారు, వెనక అమ్మ. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆపరేటరుగారు అమ్మ చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. "చెప్పారు కదమ్మా మీరు! టీవీలో చూసి చెప్పారు కదమ్మా!"

అమ్మకి అదేం గుర్తు లేదు. "ఎవరికి? ఈ పిల్లకా?" అని టీవీ దగ్గరికెళ్ళి, "ముందే నా దగ్గరికి రావద్దూ? సరేలే. టీటీ ఇంజక్షను వేయించుకున్నావా? తోటకూర తింటున్నావా? ఏదీ, నాలిక చాపు" అని మొదటి నుంచి మొదలుపెట్టింది. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నాలిక చాపింది.

తిరుగు బస్సులో మా ఆయన, "ఎనభై మందికి చెప్తే ఒక్కటి తగలదా?" అన్నారు. లెక్కల టీచర్ని, ఆ మాట నేననాలి. కానీ నాకు ఆ రోజు లెక్కలు అక్కర్లేదు. సీటు మీద కూర్చోలేకపోయాను, అంత సంతోషం. అమ్మేమో కిటికీలోంచి మిరపచేలు చూస్తూ, "ఎక్కడికెళ్ళొస్తున్నామే?" అంది.

రిజిస్టరు పని చేసింది. స్కూలు నుంచి పాత హాజరు పట్టీ ఒకటి తెచ్చి, మొదటి పేజీలో అమ్మ పేరు రాసిచ్చాను. తొమ్మిదింటికి కుర్చీ వేసుకుని సంతకం పెట్టేది. మాత్ర వేసుకుని టిక్కు పెట్టేది. ఒక్కోరోజు నాకూ మాత్ర వేసి టిక్కు పెట్టబోయేది, తప్పించుకునేదాన్ని. నేను స్కూలుకి వెళ్ళినప్పుడు చూసుకోవడానికి చర్చిలో తెలిసిన ఒకావిడ వచ్చేది. ఆవిడని అమ్మ ఆయాగా నియమించుకుంది. మరీ గాభరా పడిన పూట, "జీపొచ్చి పేషెంటుని తీసుకెళ్ళిందమ్మా, తల్లీబిడ్డా క్షేమం" అనేదాన్ని. అప్పుడు ఒక పెద్ద ఊపిరి తీసుకుని మంచమ్మీద ఒరిగేది. ఆ ఊపిరి విన్నాక నాకు అబద్ధం గురించిన బాధ పోయింది.

కానీ నందిగామలో మాత్రం కొత్త తంటా మొదలైంది. ఆపరేటరుగారు సంతోషం పట్టలేక ఊరందరికీ చెప్పేశారు. తర్వాతి శనివారం మేం వెళ్ళేసరికి మెట్ల మీద ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అమ్మ రాగానే లేచి నిలబడ్డారు. అమ్మకి ఇంతకంటే ఏం కావాలి? సంచి దించి, "వరసలో రండి" అంది. ఒకరికి నాలుగో నెల, ఒకరికి ఆరో నెల, మనవరాలిని తోడు తీసుకొచ్చిన ముసలావిడకి నెలలు నిండాయి. ముసలావిడ పడీపడీ నవ్వింది. అందరం నవ్వాం.

ఆ వరసలో చివర కంచికచర్ల నుంచి వచ్చినామె ఉంది. నవ్వట్లేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళని నాతో మెల్లగా చెప్పింది. అమ్మ నోటికొచ్చింది చెబితే ఈమె దాన్ని మోసుకుని ఇంటికెళ్తుంది. ఆపబోయాను. అప్పటికే అమ్మ ఆమె అరచెయ్యి తిప్పి చూసి, రెప్ప లాగి చూసి, మెడ మీద రెండు వేళ్ళు పెట్టి తడిమింది. తర్వాత, "ఇక్కడ వాపుంది. పెద్దాసుపత్రికి రాసిస్తా, పో" అంది. ఇంక నెలల మాట ఎత్తలేదు.

లోపల టీవీలో ఈ సంగతి చెప్పగానే డాక్టరమ్మ ఆమెని కూడా గదిలోకి పిలిపించి, మెడ కెమెరాకి చూపించమంది. థైరాయిడ్ పరీక్ష రాసిచ్చింది. అక్కడున్న నర్సింగ్ హోము డాక్టరుగారు మిగతాది చూసుకున్నారు. ఆమెకి పిల్లలు పుట్టారో లేదో నాకు తెలియదు. మందులు వాడుతోందని, నీరసం తగ్గిందని మాత్రం ఆపరేటరుగారి ద్వారా విన్నాను. ఆ రోజు మాత్రం డాక్టరమ్మ మళ్ళీ కోటు గుండీలు పెట్టుకుని, "సిస్టర్, నందిగామ మీ ఏరియా కాదు. ఇక్కడ ఓపీ చూడకూడదు" అని గట్టిగా చెప్పింది. అమ్మ చిన్నబుచ్చుకుంది గానీ, "రూల్సు రూల్సే" అని ఒప్పుకుంది. మెట్ల మీది వరస ఆగిపోయింది.

డాక్టరమ్మ కాన్పు సెలవు మీద వెళ్ళినప్పుడు ఆవిడ స్థానంలో ఒక మగ డాక్టరుగారు టీవీలోకి వచ్చారు. పెద్దమనిషి, చాలా మర్యాదస్తుడు. "నమస్కారమండీ అమ్మగారూ" అన్నారో లేదో అమ్మ భగ్గుమంది.

"ఏవయ్యా, బుద్ధుందా? కింద కాన్పు జరుగుతోంది. ఇది ఆడవాళ్ళ వార్డు. మగాళ్ళు లోపలికి రాకూడదని తెలీదూ? బయటికి నడు!"

"అమ్మా, ఆయన డాక్టరుగారే" అన్నాను.

"ఎవడైతే నాకేంటి? నడు!"

ఆయన "సరేనండీ, బయట ఉంటా" అని కుర్చీలోంచి లేచి కెమెరాకి కనబడకుండా పక్కకి తప్పుకున్నారు. అప్పట్నుంచి నాలుగు నెలలు మేం ఖాళీ కుర్చీతో మాట్లాడాం. కుర్చీ వెనక ఒక ఫ్యాను తిరుగుతుండేది. "రాత్రి నిద్రపోతున్నారా?" అని పక్క నుంచి గొంతు వచ్చేది. నేను కుర్చీకేసి చూసి, "పడుకుంటోందండీ" అనేదాన్ని. ఒకసారి ఆయన మర్చిపోయి కాగితం కోసం చెయ్యి చాపారు. టీవీలో చెయ్యి ఒక్కటే కనబడింది. అమ్మ "ఊఁ" అని గదమాయించగానే చెయ్యి వెనక్కి పోయింది. ఆపరేటరుగారు నవ్వు ఆపుకోలేక గోడకి తల ఆనించేశారు. మంచి వైద్యం చేశారాయన. నిద్ర మాత్ర మార్చి, అమ్మ తూలడం తగ్గించింది ఆయనే. ఆయన మొహం ఎలా ఉంటుందో నేను మాత్రం మొదటి అర నిమిషం తప్ప చూడలేదు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చేసరికి అమ్మ మాటలు తగ్గిపోయాయి. ఆవిడ తన పాపని ఒళ్ళో పెట్టుకుని టీవీలో కూర్చుంది. అమ్మ చాలాసేపు చూసింది. చెయ్యెత్తి, వేళ్ళతో ఇలా తిప్పు అన్నట్టు సైగ చేసింది. డాక్టరమ్మ పాపని ఇటు తిప్పింది, అటు తిప్పింది, బోర్లా పడుకోబెట్టింది. అమ్మ తృప్తిగా తలూపి, "బరువు బానే ఉంది" అంది. ఆ రోజంతటికీ అదొక్కటే మాట.

ఇంత నవ్వానేమిటి అని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. కన్నతల్లి కరిగిపోతుంటే కూతురు నవ్వొచ్చా? ఒకసారి ఫోనులో ఆ మాటే డాక్టరమ్మని అడిగాను. "మీరు ఆవిణ్ణి చూసి నవ్వట్లేదండీ, ఆవిడతో కలిసి నవ్వుతున్నారు. రోజూ ఇరవై మంది ఇళ్ళ సంగతులు వింటాను. నవ్వే ఇళ్ళలో పేషెంట్లు తక్కువ భయపడతారు" అంది. నాకది మందుచీటీ రాసిచ్చినట్టే అనిపించింది.

తర్వాత ఏడాదిన్నర అమ్మ మంచం మీదే ఉంది. నందిగామ వెళ్ళడం మానేశాం. డాక్టరమ్మ ఫోనులోనే అన్నీ నేర్పింది: ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలి, అన్నం ఎంత మెత్తగా కలపాలి, మింగిందో లేదో గొంతు మీద వేలు పెట్టి ఎలా చూడాలి. ఫోను మా ఆయన నా చెవి దగ్గర పట్టుకునేవారు, నా చేతులు అమ్మ దగ్గర ఉండేవి. ఒక ఎండాకాలం ఉదయం, కాఫీ రెండు చెంచాలు తాగాక, అమ్మ నా చెయ్యి పట్టుకునే పోయింది. భూస్థాపనకి మేం ఊహించనంత మంది వచ్చారు. మీసాలవాళ్ళంతా వచ్చి, నేను కాళ్ళతో పుట్టాను, నేను పేగు మెడకేసుకుని పుట్టాను అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

అది జరిగిన కొన్నాళ్ళకి మా వీధిలోనే ఉండే రిటైరైన తెలుగు పండితులుగారి భార్య మా ఇంటికొచ్చింది. "మాస్టారికి ఈ మధ్య ఏం గుర్తుండట్లేదమ్మా. మీరు నందిగామ టీవీ దగ్గరికి వెళ్ళేవారట కదా, మాకు తోడు రాకూడదూ?" అని అడిగింది. శనివారం ముగ్గురం బస్సెక్కాం.

పండితులుగారు టీవీ ముందు కండువా సర్దుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ నన్ను చూసి పలకరింపుగా నవ్వి, ఆయనని అడిగింది. "మాస్టారూ, మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"తప్పు" అన్నారాయన.

"ఏం తప్పండీ?"

"మందు వేసుకోవడమేమిటి, చొక్కానా? పుచ్చుకోవడం అనాలి."

"క్షమించండి మాస్టారూ" అంది డాక్టరమ్మ. "మందులు సరిగ్గా పుచ్చుకుంటున్నారా?"

పండితులుగారు సంతోషించారు. భార్యకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, కెమెరా వైపు తిరిగారు.

"పుచ్చుకోవడం లేదు" అన్నారు.